నవ్వే పసిబిడ్డ, వినే ఇల్లు: కోస్గి నుంచి ‘బుడుగు’ పఠనం

వ్యాస సంగ్రహం

తెలుగు వచనంలో పసితనపు ఉల్లాసానికి ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ కొలమానంగా నిలిచింది. ఆ హాస్యం ఏ భాషాసాధనాల మీద ఆధారపడిందో, వాటిలో ఏవి పాలమూరు పశ్చిమ ప్రాంతమైన కోస్గి వాడుకకు అందుతాయో, ఏవి అందవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పసిబిడ్డ నవ్వు సాహిత్యంలోకి రావాలంటే ఆ బిడ్డ మాటను వినే ఇల్లు కూడా రచనలోకి రావాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బుడుగు, బాల్యం, హాస్యం, పాలమూరు మాండలికం, కథనస్వరం, అంగన్‌వాడీ.

1. ప్రవేశిక

పాలమూరు సాహిత్యం ప్రస్తావనకు వచ్చిన ప్రతిసారీ విమర్శలో కరువు, వలస, కన్నీరు అనే మూడు మాటలు ముందుకు వస్తాయి. వాటి వెనుక ఉన్న చరిత్ర వాస్తవం. ‘పాలమూరు లేబరు’ అనే పేరుతో ఈ ప్రాంతపు కూలీలు ఎన్నో చోట్ల ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులు చేశారు. ఆ బతుకును కవులు, పాటకారులు, కథకులు నమోదు చేశారు. అయితే ఆ రచనల్లో పసిబిడ్డ కనిపించినప్పుడు ఎక్కువగా బాధకు గుర్తుగానే కనిపిస్తుంది. పనిచోట చీరతో కట్టిన ఊయలలోనో, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర మిగిలిపోయిన ఒంటరితనంలోనో ఉంటుంది. అడిగిందే అడిగి అవ్వను విసిగించే నాలుగేళ్ల పిల్ల, రొట్టెపిండితో బొమ్మ చేసి అది కోడి అని వాదించే పిల్లవాడు ఆ సాహిత్యంలో అరుదు.

మరోవైపు, అల్లరి పిల్లవాడు ఎవరని తెలుగు పాఠకుణ్ణి అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు బుడుగు. ఫలితంగా సాహిత్యంలో నవ్వే బాల్యం కోస్తా మధ్యతరగతి ఇంటికీ, ఏడ్చే బాల్యం పాలమూరుకూ పంచి ఇచ్చినట్లయింది. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు. కానీ దాన్ని సహజమని అంగీకరిస్తే, ఒక ప్రాంతపు పిల్లలకు తమ భాషలో నవ్వే హక్కును విమర్శ నిరాకరించినట్లవుతుంది. అందుకే ‘బుడుగు’ను కోస్గి నుంచి చదవవలసిన అవసరం ఉంది.

కోస్గి పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో ఇప్పుడు భాగం. పొరుగునే ఉన్న కొడంగల్ 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండేది. కనుక ఇక్కడి తెలుగు కన్నడంతో, ఉర్దూతో, తండాల లంబాడీ భాషతో కలిసి పెరిగింది. ఇక్కడి పసిబిడ్డ చెవిన తొలి మూడు నాలుగేళ్లలోనే ఒకటికి మించిన భాషలు పడతాయి. పిల్లల భాషను అధ్యయనం చేసేవారికి ఇంతకంటే విలువైన స్థలం సులభంగా దొరకదు.

2. ‘బుడుగు’ హాస్యానికి ఆధారాలు

‘బుడుగు’ 1956-57 ప్రాంతంలో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వెలువడింది. బాపు బొమ్మలు దానికి విడదీయరాని భాగం. బుడుగు ఇంట్లో అమ్మ రాధ, నాన్న గోపాళం, బామ్మ, బాబాయి ఉంటారు. చుట్టూ సీగాన పెసూనాంబ, రెండుజెళ్ల సీత, లావుపాటి పక్కింటి పిన్నిగారు, ఆవిడ మొగుడు ఉంటారు. కథ అంతా బుడుగు నోటితోనే సాగుతుంది. ఈ హాస్యానికి ప్రధానంగా మూడు సాధనాలున్నాయి.

మొదటిది ఉచ్చారణ. జ్ఞానప్రసూనాంబ వంటి బరువైన పేరు పిల్లవాడి నోట సీగాన పెసూనాంబ అవుతుంది. సంయుక్తాక్షరం విడిపోవడమో, తేలిక కావడమో ఇక్కడ పసితనానికి గుర్తు. రెండవది పదజాలం. పెద్దలు వాడే మాటను తన చిన్న అవసరానికి వాడుకోవడం, పసిమాటను పెద్దల వ్యవహారం మధ్యలో పెట్టడం వల్ల నవ్వు పుడుతుంది. మూడవది అర్థగ్రహణం. నుడికారాన్ని ఉన్నదున్నట్లు అర్థం చేసుకుని, దానికి తనదైన నిర్వచనం ఇచ్చి, ఆ నిర్వచనం ప్రకారమే నడుచుకోవడం బుడుగు పద్ధతి.

మూడింటికీ సమానమైన షరతు ఒకటుంది. పిల్లవాడి భాషకూ పెద్దల భాషకూ మధ్య ఎడం పాఠకుడికి వెంటనే వినిపించాలి. ఆ ఎడాన్ని కొలవడానికి పాఠకుడు వాడే కొలబద్ద విద్యావంతులైన కోస్తా మధ్యతరగతి వారి వాడుక. పాఠకుడు ఆ వాడుకను సహజంగా స్వీకరించినంతకాలం ఈ షరతు కనిపించదు. కోస్గి నుంచి చదివినప్పుడు కనిపిస్తుంది.

3. ఎడం ఎక్కడ ఉంది?

‘బువ్వ’ అనే మాటను తీసుకుందాం. ప్రమాణభాషలో అది పసిపిల్లల మాట. పెద్దవాళ్లు ‘అన్నం’ అంటారు, లేదా ‘భోజనం’ అంటారు. తెలంగాణ పల్లెల్లో అరవయ్యేళ్ల అవ్వ కూడా ‘బువ్వ తిన్నవా’ అనే అడుగుతుంది. అక్కడ బువ్వకు వయసు లేదు. ఉచ్చారణ విషయమూ ఇంతే. ప్రాణం ‘పానం’ కావడం, శాస్త్రం ‘శాత్రం’ కావడం ఈ ప్రాంతంలో పెద్దల వాడుక. బుడుగు నోట పసితనంగా వినిపించే మార్పు కోస్గిలో తాత నోట పెద్దరికంతోనే వినిపిస్తుంది.

కనుక మొదటి రెండు సాధనాలు కోస్గి ఇంట్లో హాస్యాన్ని పుట్టించలేవు. పిల్ల, తల్లి, అవ్వ ఒకే తీరున మాట్లాడే ఇంట్లో ఉచ్చారణను బట్టి పిల్లను గుర్తుపట్టలేం. ఆ ఇంట్లో ఎడం వయసుల మధ్య ఉండదు. గడప దాటాక ఇంటికీ బడికీ మధ్య మొదలవుతుంది. ఇంట్లో ‘యాడికి వోతున్నవ్’ అని విన్న పిల్ల పుస్తకంలో ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని చూస్తుంది. అక్కడ ఆమె మాటకు ఎవరైనా నవ్వితే ఆ నవ్వు ఆమె నాలుగేళ్ల వయసు మీద ఆగదు. ఆమె అమ్మ మీద, అవ్వ మీద, మొత్తం వాడకట్టు మీద పడుతుంది. బుడుగును చూసి నవ్వే పాఠకుడు వాడు పెద్దవాడై ఈ మాటలు మరచిపోతాడని తెలిసి ప్రేమగా నవ్వుతాడు. కోస్గి పిల్ల పెద్దదయ్యాక కూడా పానాన్ని పానమనే అంటుంది. ఆ మాట మీది నవ్వు ప్రేమగా మారే అవకాశం తక్కువ.

పాలమూరు భాష సాహిత్యంలో దుఃఖానికి త్వరగా ఒదిగి, పసితనపు హాస్యానికి ఆలస్యంగా ఒదగడానికి ఒక కారణం ఇక్కడ ఉందని భావించవచ్చు. దుఃఖం చెప్పేటప్పుడు మాండలికం విశ్వసనీయతను ఇస్తుంది. నవ్వు చెప్పేటప్పుడు అదే మాండలికం నవ్వుకు గురి అయ్యే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని ఎరిగిన రచయిత జాగ్రత్తపడి పిల్లను మౌనంగా ఉంచుతాడు, లేదా ఏడిపిస్తాడు.

4. మూడవ సాధనం

బుడుగు మూడవ సాధనానికి ఈ ఇబ్బంది లేదు. రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ 1928లో తొలిసారి ప్రచురించి, 1933 నుంచి ‘రెండు నుంచి ఐదు వరకు’ అనే అర్థం వచ్చే పేరుతో విస్తరిస్తూ వచ్చిన గ్రంథంలో పసిపిల్లల మాటలను పెద్దయెత్తున సేకరించి విశ్లేషించాడు. పిల్లలు భాషను అనుకరించడంతో ఆగరు, దాని సూత్రాలను తమంతట తాము కనిపెట్టి ప్రయోగిస్తారని ఆయన చూపాడు. నుడికారాన్ని అక్షరార్థంలో తీసుకోవడం ఆ ప్రయోగంలో భాగమే. ఇది అన్ని భాషల పిల్లలకూ ఉన్న శక్తి.

ఊహకోసం ఒక ఉదాహరణ చూద్దాం. పొలం నుంచి వచ్చిన అవ్వ ‘పానం వొయ్యినంత పనాయె’ అంటుంది. పక్కనున్న నాలుగేళ్ల పిల్ల ‘యాడికి వొయ్యింది, మల్లెప్పుడొస్తది’ అని అడుగుతుంది. ఈ సంభాషణలో ఇద్దరిదీ ఒకే మాండలికం. పానం అనే మాట మీద నవ్వు లేదు. ఆ మాట అర్థాన్ని పిల్ల పట్టుకున్న తీరులో ఉంది. అవ్వ అలసట కూడా అక్కడే ఉంది. కరువునూ కష్టాన్నీ దాచకుండానే పిల్ల ఉల్లాసం చెప్పగల స్థలం ఇది. పేదరికాన్ని అందంగా చూపించే ప్రమాదం ఉందన్న అభ్యంతరానికి సమాధానం కూడా ఇటువంటి వాక్యాలలోనే దొరుకుతుంది. పిల్ల నవ్వు అవ్వ కష్టాన్ని రద్దు చేయదు, దాన్ని ప్రశ్నగా మారుస్తుంది.

5. వినే ఇల్లు

బుడుగు ఉల్లాసానికి వాడి స్వభావం ఎంత కారణమో, వాడి మాట వినడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండటం అంత కారణం. బామ్మకు తీరిక ఉంది, బాబాయికి వీడితో పని ఉంది, పక్కింటివారికి ఫిర్యాదు ఉంది. ఈ నిర్మాణం తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. పోతన దశమస్కంధంలో బాలకృష్ణుడి అల్లరి మనకు చేరేది గోపికలు యశోద దగ్గర చేసే ఫిర్యాదుల ద్వారానే. ఫిర్యాదు చేయాలంటే పిల్లవాణ్ణి శ్రద్ధగా గమనించి ఉండాలి. కనుక ఫిర్యాదు కూడా ఒక రకమైన ఆలకింపు.

కోస్గి ఇంట్లో వినేవారు వేరు. తల్లి కూలికో, మగ్గం పనికో, బీడీలకో వెళ్లినప్పుడు, తండ్రి వలస పోయినప్పుడు, పిల్ల అవ్వ దగ్గర, ఏడెనిమిదేళ్ల అక్క దగ్గర ఉంటుంది. తల్లి ఇంట్లో ఉన్నప్పుడు కూడా చేతిలో పని ఉంటుంది. జొన్నరొట్టెలు చేస్తున్న తల్లిని పిల్ల పిండిముద్ద అడుగుతుంది. తల్లి చిన్న ముద్ద ఇచ్చి తన పని తాను చేసుకుంటూ జవాబులిస్తుంది. ఇక్కడి ఆలకింపు పని మధ్యలోది. అందుకే ఈ ఇళ్లలో పిల్లల ఉల్లాసం సుదీర్ఘ కథనంగా కాక చిన్న రూపాల్లో నిలిచింది: తొట్టెల పాట, వేళ్ల ఆట, పొడుపుకథ, బొడ్డెమ్మ చుట్టూ అక్కల వెంట తిరిగే చిన్నపిల్ల చప్పట్లు. పని ఆగకుండానే పాడగల, ఆడించగల రూపాలివి.

వీటిని పాఠాలుగా చదివే పద్ధతికి మనకు పునాది ఉంది. పాలమూరు ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలలోని ఆటల పేర్లను కూడా చరిత్రకు సాక్ష్యాలుగా స్వీకరించారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన జానపద గేయ పరిశోధన పిల్లల పాటలకు అధ్యయన వస్తువుగా గౌరవం తెచ్చింది. అయితే ఆ మార్గంలో తర్వాత జరిగిన సేకరణలో పాట దొరికింది గాని, పాట పాడుతున్నప్పుడు పిల్ల మధ్యలో ఏమన్నదో ఎక్కువగా దొరకలేదు. పిల్ల వినేదిగా మిగిలింది, మాట్లాడేదిగా నమోదు కాలేదు.

6. కథనస్వరం

మరి కోస్గి పిల్ల ఉల్లాసాన్ని రాయడం ఎలా? ‘బుడుగు’ భాష ఇక్కడికి రాకపోయినా దాని కథనపద్ధతి వస్తుంది. బుడుగుకు పైన నిలబడి వాడి మాటను సవరించే ప్రమాణభాషా కథకుడు ఆ రచనలో లేడు. చెప్పేవాడు బుడుగే. సంభాషణ మాత్రం మాండలికంలో, కథనం ప్రమాణభాషలో ఉన్న రచనల్లో పాత్ర మాట్లాడిన ప్రతిసారీ కథకుడు ఒక మెట్టు పైన ఉంటాడు. ఆ మెట్టు మీది నుంచి వచ్చే నవ్వు పాత్రతో కలిసి నవ్వినట్లుండదు.

పాలమూరులో ఆ మెట్టును తొలగించిన రచయిత్రి ఉన్నారు. బిజినేపల్లిలో 1929లో జన్మించిన పాకాల యశోదారెడ్డి 1973లో వెలువరించిన ‘మా ఊరి ముచ్చట్లు’ ఈ ప్రాంతపు స్త్రీల వాడుకనే కథనభాషగా చేసుకుంది. ‘ముచ్చట’ అనే పేరే వినే మనిషిని సూచిస్తుంది. ఎదుట ఒకరు లేకుండా ముచ్చట సాగదు. ఆ కథల్లోని చమత్కారం, ఎత్తిపొడుపు, సామెత ఆ భాష లోపలి నుంచి పుట్టినవి. పాలమూరు మాట కన్నీటికే తగినదన్న అభిప్రాయానికి ఈ పుస్తకం ఐదు దశాబ్దాల కిందటే జవాబు చెప్పింది. యశోదారెడ్డి ముచ్చటనూ ముళ్ళపూడి పిల్లవాడి స్వరాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఇంకా రాయవలసిన ఒక పుస్తకం రూపురేఖలు తెలుస్తాయి.

7. ముగింపు

ఈ చర్చకు తరగతి గదిలోనూ ఫలితముంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల తొలి బడి అయింది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. అంగన్‌వాడీ టీచరు, ఆయా సాధారణంగా ఆ ఊరివారో, చుట్టుపక్కల వారో. పిల్ల చెప్పే పానాన్నీ బువ్వనూ సవరించకుండా వినగల చదువుకున్న మనిషి ఆమెకు తొలిసారి దొరికేది అక్కడే. అదే సమయంలో పట్టణంలోని ఎల్‌కేజీ తరగతిలో పిల్ల నోటికి ఎక్కుతున్నది ఆంగ్ల శిశుగేయం. దాన్ని తప్పుపట్టనక్కరలేదు. కానీ ఆ గేయం పక్కన పిల్ల సొంత మాట నిలబడగల పుస్తకం లేకపోవడం లోటు.

పరిశోధకులు చేయదగిన పనులు రెండు. మొదటిది, తల్లిదండ్రుల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా పిల్లల మాటలను సేకరించడం. ప్రతి మాట పక్కన అది ఎవరితో అన్నదో, వారు ఆ సమయంలో ఏ పని చేస్తున్నారో, ఏమి జవాబిచ్చారో రాయాలి. రెండవది, మాండలిక రచనను విశ్లేషించేటప్పుడు నవ్వు భాష మీద ఉందా, భావం మీద ఉందా అని విడదీసి చూడడం. ‘బుడుగు’ ప్రతిభను ఈ ప్రశ్న తగ్గించదు. ఆ ప్రతిభలో ఏ భాగం ఒక ఇంటిదో, ఏ భాగం పసితనం మొత్తానిదో తేలుస్తుంది. అది తేలితే, కోస్గిలో రొట్టెపిండితో కోడిని చేస్తున్న పిల్ల గురించి రాయబోయే రచయితకు విమర్శ తన వంతు సాయం చేసినట్లవుతుంది.