వేడి ఎటు పోయింది?

రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల టర్బైన్ ఒకటి నిండు లోడు మీద నడిస్తే గంటకు ఎంత బొగ్గు కావాలి? ఈ ప్రశ్న వినగానే చాలామంది విద్యార్థులు సూత్రం కోసం వెతుకుతారు. సూత్రంతో పనిలేదు. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీల వేడికి సమానం. ప్లాంటు సామర్థ్యం 36 శాతం అనుకుంటే, ఆ ఒక్క యూనిట్ కోసం బొగ్గు నుంచి దాదాపు 2,390 కిలోక్యాలరీలు రాబట్టాలి. జి-11 గ్రేడు బొగ్గులో కిలోకు 4,000 నుంచి 4,300 కిలోక్యాలరీలుంటాయి. మధ్యస్థంగా 4,150 వేసుకుంటే యూనిట్‌కు 0.576 కిలో పడుతుంది. గంటకు 5 లక్షల యూనిట్లు కాబట్టి 288 టన్నులు, రోజుకు సుమారు 6,900 టన్నులు. సింగరేణి బొగ్గు మోసే ఎంజీఆర్ (మెర్రీ-గో-రౌండ్) రైళ్లు రాత్రనక పగలనక ఎందుకు తిరుగుతాయో ఈ చిన్న లెక్కే చెప్పేస్తుంది.

ఉష్ణగతిక శాస్త్రంలో లెక్క చేయడమంటే జమాఖర్చు రాయడమే. ఎంత వచ్చింది, ఎంత పోయింది, లోపల ఎంత మిగిలింది? అయితే ఎవరి ఖాతా రాస్తున్నామో ముందు తేలాలి. అందుకే అనుభవమున్న మాస్టార్లు కాగితం మీద మొట్టమొదట ఒక చుక్కల గీత గీయిస్తారు. గీత లోపలున్నది వ్యవస్థ, బయటున్నది పరిసరాలు. గీతను దాటేదే లెక్కలోకి వస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఈ విద్యలో సగం నేర్పు అని నా నమ్మకం.

అదే ప్లాంటు మీద చూద్దాం. గీత మొత్తం ప్లాంటు చుట్టూ గీస్తే లోపలికి 1,389 మెగావాట్ల వేడి వస్తోంది, బయటికి 500 మెగావాట్ల కరెంటు పోతోంది. మిగతా 889 ఏమైంది? ఈ గీతతో అంతకుమించి తెలియదు. బాయిలర్ చుట్టూ మరో గీత గీయండి. పొగగొట్టం దారిన, ఇతర నష్టాల కింద 13 శాతం పోయిందనుకుంటే అది 180 మెగావాట్లు. తక్కినదంతా, అంటే సుమారు 700 మెగావాట్లు, కండెన్సర్‌లో చల్లటి నీటికి చేరుతోంది. ఇప్పుడు గీత కండెన్సర్ చుట్టూ గీయండి. నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తాయనుకుంటే ఒక్కో కిలో నీరు 41.8 కిలోజౌళ్లు మోసుకుపోతుంది. 7 లక్షల కిలోజౌళ్లను దానితో భాగిస్తే సెకనుకు దాదాపు 16,700 కిలోలు. సెకనుకు పదహారున్నర టన్నుల పైచిలుకు నీరు, అదీ ఒక్క టర్బైన్‌కు! కూలింగ్ టవర్ల మీద లేచే తెల్లటి మబ్బును కొత్తవాళ్లు పొగ అనుకుంటారు. ఈ నీటి వేడిలో ఎక్కువ భాగాన్ని గుప్తోష్ణంగా తీసుకుని గాల్లో కలిసే ఆవిరి అది.

ఇంత వేడి పారబోయడం చేతకానితనం కాదు. ఆవిరి యంత్రం నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టవచ్చని ఫ్రెంచి ఇంజినీరు సాదీ కార్నో 1824లోనే అడిగాడు. ఆవిరి 537 డిగ్రీల వద్ద, కండెన్సర్ 45 డిగ్రీల వద్ద ఉంటే, ఏ లోపమూ లేని ఊహాయంత్రం కూడా 61 శాతం దాటదు. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కి కండెన్సర్ 50 డిగ్రీలకు చేరితే ఆ హద్దు కూడా 60 దగ్గరికి దిగుతుంది. రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు ఆ ఒక్క శాతం విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఈ లెక్కల్లో కొంపముంచే చోటు ఒకటుంది. 540 డిగ్రీల ఆవిరి గొట్టానికి తొడుగు లేకుంటే వికిరణం ద్వారా ఎంత వేడి పోతుంది? స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం ఉష్ణోగ్రతను నాలుగో ఘాతానికి పెంచాలి. 273 కలిపి 813 కెల్విన్ వేస్తే, ఉద్గారత 0.8, పరిసరాలు 40 డిగ్రీలు అనుకున్నప్పుడు, చదరపు మీటరుకు 19 కిలోవాట్ల పైన వస్తుంది. కలపడం మరిచి 540నే వేస్తే 4 కిలోవాట్ల లోపే. జవాబు అయిదో వంతుకు పడిపోయినా కాగితం మీద చూడ్డానికి బాగానే ఉంటుంది! అదే గొట్టానికి 150 మిల్లీమీటర్ల ఖనిజ ఉన్ని చుడితే వహనం లెక్కన చదరపు మీటరుకు సుమారు 200 వాట్లే పోతాయి. వందో వంతు. జవాబు వచ్చాక "ఇది జరిగే పనేనా" అని ఒక్కసారి అడగడం అందుకే పద్ధతిలో భాగం.

ప్లాంటు నుంచి బొగ్గు బాయిలోకి (గనిలోకి) దిగితే ఈ లెక్క మనిషి ఒంటిదాకా వస్తుంది. కష్టమైన పనిలో శరీరం 400 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. చుట్టూ గాలి ఒంటి వేడికి దగ్గరగా ఉంటే ఆ వేడి పోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. గంటకు దాదాపు 600 గ్రాముల చెమట ఆరాలి. గాలి అంత తేమను తీసుకోగలదా? తడిబట్ట చుట్టిన థర్మామీటరు చెప్పేది అదే. తడి ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదనీ, 30.5 దాటితే గాలి కనీసం సెకనుకు ఒక మీటరు వేగంతో కదలాలనీ బొగ్గు గనుల నిబంధనలు అంటున్నాయి. లోతూ తన వంతు కలుపుతుంది. 400 మీటర్లు కిందికి దిగిన పొడి గాలి, పైనున్న గాలి బరువుకు నొక్కుకుని, రాతి వేడి తగలకముందే 3.9 డిగ్రీలు వేడెక్కుతుంది. అడ్రియాల వంటి లోతైన గనుల్లో దీన్ని లెక్కించకుండా ఫ్యాను ఎంచుకోలేరు. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ మంథని కాలేజీలో మైనింగ్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది? మన పాఠాల్లో ఊరూ పేరూ లేని ఇనుప కడ్డీల స్థానంలో ఈ అంకెలు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

గనిలో బొగ్గు తీసేసిన ఖాళీలో (గోఫ్‌లో) మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కడమూ జమాఖర్చే. బొగ్గు ఆక్సిజన్ పీల్చుకుని వేడి పుట్టిస్తుంది, గాలి ఆ వేడిని మోసుకుపోతుంది. గాలి బాగా ఆడితే వేడి నిలవదు, అసలు లేకపోతే పుట్టదు. కొద్దికొద్దిగా జొరబడే గాలితోనే ప్రమాదమంతా: ఆక్సిజన్ ఇస్తుంది, వేడిని మాత్రం తీసుకుపోలేదు. తవ్వకం పూర్తయిన భాగాన్ని (ప్యానెల్‌ను) మూసేటప్పుడు అడ్డుగోడలో (స్టాపింగ్‌లో) సన్న పగులు కూడా వదలకూడదనేది ఇందుకే.

మూసిన ప్యానెల్ లోపల ఏం జరుగుతోందో గాలి నమూనా చెబుతుంది. నైట్రోజన్ 79.3, ఆక్సిజన్ 20.2, కార్బన్ మోనాక్సైడ్ 0.004 శాతం ఉన్నాయనుకోండి. నైట్రోజన్‌ను 0.265తో గుణిస్తే ఉండాల్సిన ఆక్సిజన్ 21.01 వస్తుంది, అంటే తరిగింది 0.81. మోనాక్సైడ్‌ను ఈ తరుగుతో భాగించి నూటికి లెక్కిస్తే సుమారు 0.5. దీన్ని గ్రాహం నిష్పత్తి అంటారు. 0.5 దగ్గర జాగ్రత్త పడతారు, 1 చేరితే లోపల వేడెక్కడం ఖాయమంటారు. ఈ నమూనాలో అంతే మంచి గాలి కలిసిందనుకోండి, మోనాక్సైడ్ సగమై ప్రమాదం తగ్గినట్టు కనిపిస్తుంది. ఆక్సిజన్ తరుగు కూడా సగమే అవుతుంది కాబట్టి నిష్పత్తి మాత్రం 0.5 దగ్గరే ఉంటుంది.