మచ్చను ముట్టుకోని మరమ్మతు

పురుషాంగంలో పక్కపక్కనే రెండు స్పంజి గొట్టాలుంటాయి. వాటిని చుట్టి ఉండే తెల్లటి గట్టి తొడుగు పేరు ట్యూనికా అల్బుజీనియా. మామూలప్పుడు దాని మందం సుమారు 2 మిల్లీమీటర్లు. అంగం స్తంభించినప్పుడు సాగి అర మిల్లీమీటరుకు పలచబడుతుంది. లోపలి పొరలో కొల్లాజెన్ పోగులు గొట్టం చుట్టూ తిరుగుతాయి, బయటి పొరలో పొడవునా సాగుతాయి. ఎలాస్టిన్ వాటిని సాగనిస్తుంది, కొల్లాజెన్ హద్దు దాటనివ్వదు. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సన్నని సిరలు ఈ పొరల మధ్య నుంచి ఏటవాలుగా వెళ్తాయి. తొడుగు బిగియగానే అవి నొక్కుకుపోతాయి, రక్తం లోపలే నిలుస్తుంది. ఎంత పొందికైన అమరిక!

ఈ తొడుగులో మచ్చ కట్టడమే పైరోనీ వ్యాధి. 1743లో దీన్ని వివరించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడి పేరే దానికి నిలిచింది. పొరలకు తగిలిన చిన్న దెబ్బలు సరిగా మానక, అక్కడ కొల్లాజెన్ గట్టి పలకలా పేరుకుంటుందని వైద్యుల అంచనా. మచ్చ సాగదు, ఎదుటి గోడ సాగుతుంది. దాంతో అంగం మచ్చ వైపు వంగుతుంది. మచ్చ ఎక్కువగా పైభాగాన ఏర్పడుతుంది కాబట్టి వంపు కూడా ఎక్కువగా పైకే ఉంటుంది.

మచ్చను కోసేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికన్ యూరాలజిస్టు రీడ్ నెస్బిట్ 1965లో ప్రచురించిన పద్ధతి మాత్రం ఎదుటి గోడ మీద పనిచేస్తుంది. పుట్టుకతో వచ్చే వంపు కోసం ఆయన చెప్పిన ఈ ఉపాయాన్ని తర్వాత పైరోనీకీ వాడారు.

ముందు సెలైన్ ఎక్కించి అంగాన్ని నిటారుగా చేసి, వంపు ఎక్కడ ఎక్కువో చూస్తారు. చర్మాన్ని వెనక్కి తీసి, మూత్రనాళాన్ని, నరాలను జాగ్రత్తగా తప్పిస్తారు. ఉబ్బిన వైపు తొడుగును ఫోర్సెప్స్‌తో చిటికెడు పట్టుకుని, వంపు పోతుందో లేదో పరీక్షిస్తారు. పది డిగ్రీల వంపుకు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు తీయాలని ఒక మోటు లెక్క. పట్టుకున్న మేర కోడిగుడ్డు ఆకారంలో ముక్క తీసి, అంచులు కలిపి కుడతారు. ముడులు చర్మం కింద తగలకుండా లోపలికి తిప్పుతారు. మళ్లీ సెలైన్ ఎక్కించి సూటిదనం సరిచూస్తారు.

రెండు వైపులూ సమానమయ్యాక పొడవు కొంత తగ్గుతుంది. ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి. నొప్పి తగ్గి, వంపు కొన్ని నెలలుగా మారకుండా ఉన్నాకే ఆపరేషన్ చేస్తారు. వంపు కనిపించినా, గడ్డ చేతికి తగిలినా సిగ్గుపడి దాచుకోకుండా యూరాలజిస్టును కలవాలి. ఇది తొడుగుకు వచ్చిన జబ్బు, దాన్ని సరిచేసే నేర్పు వాళ్ల దగ్గరుంది.