మిత్ ఘమ్ర్ పొదుపు బ్యాంకు: వడ్డీ తీసేసి కట్టిన పనితనం

ఈజిప్టులో, నైలు డెల్టాలో, మిత్ ఘమ్ర్ అనే ఊరుంది. 1963 జూలైలో అక్కడ ఒక చిన్న పొదుపు బ్యాంకు మొదలైంది. అది దాచుకున్నవాళ్లకు వడ్డీ ఇచ్చేది కాదు, అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర వడ్డీ పుచ్చుకునేది కాదు. ఆధునిక ఇస్లామిక్ బ్యాంకింగ్ చరిత్రను చాలామంది ఇక్కడి నుంచే చెప్పుకొస్తారు. దాన్ని నిలబెట్టిన అహ్మద్ అల్ నజ్జార్ పశ్చిమ జర్మనీలో అర్థశాస్త్రం చదివాడు. అక్కడి స్థానిక పొదుపు బ్యాంకులు ఎలా నడుస్తాయో దగ్గరగా చూసి స్వదేశం చేరాడు.

ఖురాన్ వ్యాపారాన్ని సమ్మతించింది, రిబాను నిషేధించింది. అప్పు మీద ముందే ఖాయం చేసుకుని గుంజే అదనమే రిబా. డబ్బిచ్చినవాడు లాభం కోరితే నష్టంలో కూడా భాగం మోయాలి, కాలం గడిచినంత మాత్రాన అసలు పెరగకూడదు. ఈ మాట చెప్పడం తేలిక, దీని మీద బ్యాంకు నడపడం చాలా కష్టం. ఎందుకంటే మామూలు బ్యాంకులో ఎన్నో బరువులు మోసేది వడ్డీయే. డబ్బు దాచుకునేవాళ్లను రప్పించేది, సిబ్బందికి జీతాలు ఇప్పించేది, ఎగ్గొట్టిన బాకీల నష్టం పూడ్చేది అదే. దాన్ని ఒక్కసారిగా లాగేస్తే కప్పంతా మీద పడుతుంది. మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేసి బిగించే మంచి వడ్రంగిలా నజ్జార్ ఒక్కో బరువుకూ ఒక్కో అమరిక చేశాడు. నేను మెచ్చుకునేది ఆ అమరికనే.

ముందు పొదుపు ఖాతా. ఎంత చిన్న మొత్తమైనా వేసుకోవచ్చు, కావలసినప్పుడు తీసుకోవచ్చు. వడ్డీ మాత్రం ఉండదు. మరి రైతు ఎందుకు దాచాలి? దాచుకున్నవాడికి చిన్న మొత్తంలో వడ్డీలేని అప్పు అడిగే హక్కు వస్తుంది, అందుకు. మొత్తం కట్టడంలో నాకు అన్నిటికంటే నచ్చిన కీలు ఇదే. పల్లెటూరి రైతుకు ఏడాది చివర వచ్చే నాలుగు డబ్బుల వడ్డీతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. విత్తనాలు కొనే రోజున, పనిముట్టు విరిగిన రోజున, ఎవరి గుమ్మంలో నిలబడాలన్నదే అతని బెంగ. ఆ బెంగ తీర్చడాన్నే నజ్జార్ పొదుపుకు ప్రతిఫలం చేశాడు. పైగా నెలల తరబడి క్రమంగా దాచుకున్న మనిషి, తన నడత ఎలాంటిదో బ్యాంకుకు తానే చూపించుకుంటాడు. ఒక్క నియమంతో రెండు పనులు జరిగాయి: దాచేవాళ్లు వచ్చారు, అప్పు ఎవరికివ్వాలో తెలిసింది.

రెండోది పెట్టుబడి ఖాతా. ఇందులో వేసిన సొమ్మును ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు. బ్యాంకు దాన్ని వ్యాపారాల్లో భాగస్వామిగా పెడుతుంది. లాభమొస్తే వాటా, నష్టమొస్తే అందులోనూ వాటా. ఇక్కడ డబ్బు వేసినవాడు అప్పిచ్చినవాడు కాడు, భాగస్తుడు. ఎప్పుడు అడిగినా ఇవ్వవలసిన సొమ్మునూ నష్టభయం ఉన్న సొమ్మునూ ఇలా వేరు చేయడం ఎంత ముందుచూపో, రెండూ కలిపేసి మునిగిన సంస్థల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మూడోది జకాత్, అంటే ముస్లింలు విధిగా ఇచ్చే దానం, దాని నిధి. కష్టాల్లో పడ్డవాళ్లకు సాయం ఇందులో నుంచి. దానం దానం గానే ఉంటుంది, అప్పుల లెక్కలో కలవదు.

వడ్డీలేని అప్పు అప్పటికి కొత్త కాదు. మన హైదరాబాదులోనే అంతకు ముందు నుంచీ వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంఘాలున్నాయి. హైదరాబాదులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా వాటి గురించి రాశాడు కూడా. అప్పును, భాగస్వామ్యాన్ని, దానాన్ని ఒకే కప్పు కింద పెట్టి, ఒకదాంతో ఒకటి కలవకుండా నడపడం మిత్ ఘమ్ర్ చూపిన నేర్పు.

బోర్డు మీద ఇస్లాం అనే మాట లేదు. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం మత సంస్థలను అనుమానంగా చూస్తున్న రోజులవి, అందుకే మామూలు స్థానిక పొదుపు బ్యాంకుగానే తెరిచారు. పేరు చూసి కాదు, పని చూసి జనం వచ్చారు. నాలుగేళ్లలో డిపాజిటర్లు రెండున్నర లక్షలు దాటారు, శాఖలు తొమ్మిదయ్యాయి. 1967లో ప్రభుత్వం వాటిని తన బ్యాంకుల్లో కలిపేసింది, వడ్డీ తిరిగొచ్చింది. 1971లో నాసర్ సోషల్ బ్యాంకు, 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వడ్డీలేని దారిని మళ్లీ పట్టాయి.

తర్వాత వచ్చిన పెద్ద బ్యాంకులు ఎక్కువగా మురాబహా మీద నడుస్తున్నాయి. వస్తువును బ్యాంకు తాను కొని, చెప్పిన లాభం వేసుకుని, వాయిదాల మీద అమ్ముతుంది. ఖరారైన ధర వాయిదా ఆలస్యమైనా పెరగదు. అది ధర్మసమ్మతమేనని పండితులు ఒప్పుకున్నారు, నేనూ కాదనను. అయినా కొన్నవాడి వ్యాపారం దెబ్బతింటే ఆ నష్టం బ్యాంకుకు అంటదు. నష్టంలో చేయి పెట్టిన మిత్ ఘమ్ర్ పెట్టుబడి ఖాతా నా దృష్టిలో ఇంతకంటే గొప్ప పని. వడ్డీలేని బ్యాంకింగ్ గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు దుబాయ్, కౌలాలంపూర్ మేడల దగ్గరకు తర్వాత వెళ్లవచ్చు, ముందు ఈ డెల్టా ఊరి మూడు ఖాతాలను చదవండి.