తీసిన ఫొటో, దిగిన ఫొటో: వీథి ఛాయాచిత్రణంలో అనుమతి ప్రశ్న

తెలుగులో ఫొటోకు రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్న వ్యక్తి ఫొటో ‘తీస్తాడు’. ఎదుట నిలిచిన వ్యక్తి ఫొటో ‘దిగుతాడు’. స్టూడియోలో తెర ముందు దిగినా, పెళ్లిపందిట్లో బంధువుల నడుమ దిగినా, ఆ రెండో క్రియకు కర్త చిత్రంలోని మనిషే. తనకు తెలియకుండా తీసిన చిత్రాన్ని చూసి ‘నేను ఫొటో దిగాను’ అని ఎవరూ అనరు. ‘నన్ను ఫొటో తీశారు’ అంటారు. అనుమతి అనే భావనను తెలుగు వాడుక క్రియలోనే ఇముడ్చుకుంది. స్ట్రీట్ ఫొటోగ్రఫీగా ప్రసిద్ధమైన వీథి ఛాయాచిత్రణం ప్రధానంగా మొదటి క్రియ మీద నిలిచిన కళ. దాని నైతికతను రెండో క్రియ లేని ఆ లోటు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లోటు పాతదే. హెన్రీ కార్టియే బ్రెసాన్ 1952లో వెలువరించిన గ్రంథాన్ని ప్రపంచం ‘నిర్ణాయక క్షణం’ అనే అర్థమిచ్చే ఆంగ్ల శీర్షికతో ఎరుగును. ఫ్రెంచి మూలశీర్షిక ధ్వని వేరు: లైసెన్సు లేక, పోలీసు కనబడితే సరుకు మూటగట్టి పరుగుతీసే వీథి వర్తకుని చాటుమాటు వ్యవహారాన్ని ఆ పదబంధం స్ఫురింపజేస్తుంది. అనువాదం ఆ దొంగచాటుతనాన్ని తుడిచివేసి తాత్త్విక గాంభీర్యాన్ని మిగిల్చింది. విమర్శ కూడా చాలాకాలం ఆ గాంభీర్యాన్నే వల్లించింది.

వాకర్ ఎవాన్స్ 1938-41 మధ్య న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు కింద కెమెరా దాచి ఎదుటి ప్రయాణికులను చిత్రించాడు. ఇంతకన్నా చాటుగా తీయడం కష్టం. కాని ఆ చిత్రాలు గ్రంథరూపంలో వెలువడింది 1966లో. ఆ పాతికేళ్లలో ముఖాలు మారాయి, మనుషులు జనంలో కలిసిపోయారు. చిత్రానికీ వ్యక్తికీ మధ్య కాలం ఒక తెర కట్టింది. 2016లో యెగోర్ త్స్వెత్కోవ్ అనే రష్యన్ యువకుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ మెట్రోలో అపరిచితులను ఫొటోలు తీసి, ‘ఫైండ్‌ఫేస్’ అనే అప్లికేషన్ సాయంతో వారి సామాజిక మాధ్యమ ఖాతాలను పట్టుకున్నాడు. ఎంత సులభమో చూపి హెచ్చరించడమే అతని ఉద్దేశం. అదే ఏడాది అదే సాధనంతో కొందరు స్త్రీల ఆచూకీ తీసి వేధించారు. నేటి వీథి చిత్రంలో అపరిచితత్వం లేదు. చిత్రం తీసినవాడు కోరుకున్నా దానిని కాపాడలేడు. కాబట్టి ఎవాన్స్ పేరు చెప్పి నేటి అలవాటును సమర్థించడం చెల్లదు.

చట్టం సాయపడుతుందా? ఫిలిప్ లోర్కా డికోర్సియా టైమ్స్ స్క్వేర్‌లో దూరం నుంచి, బాటసారులకు తెలియకుండా తీసిన ముఖచిత్రాలలో ఒకటి ఒక వృద్ధ యూదునిది. అది తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఆయన దావా వేశారు. 2006లో న్యూయార్క్ న్యాయస్థానం అది వ్యాపారం కాదు, కళ అని దావాను కొట్టివేసింది. తీర్పు చట్టరీత్యా సబబే కావచ్చు. అయితే చిత్రం కళ అని తేలినంత మాత్రాన అందులోని మనిషి అభ్యంతరానికి సమాధానం దొరికినట్టు కాదు. మన సుప్రీంకోర్టు 2017 పుట్టస్వామి తీర్పులో మరింత లోతుకు వెళ్లింది: గోప్యత స్థలానికి కాక వ్యక్తికి చెందుతుంది గనుక బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన అది అంతరించదు.

భారతీయ సందర్భంలో ఈ వాక్యం విలువ ఎక్కువ. ‘వీథి అందరిదీ, కనుక తీయవచ్చు’ అనే వాదం ఇల్లున్నవాడి వాదం. పేవ్‌మెంట్ మీద వండుకుని, బిడ్డకు స్నానం చేయించి, అక్కడే నిద్రపోయే కుటుంబానికి వీథే పడకగది. తలుపు లేనంత మాత్రాన వారు అందరినీ లోనికి పిలిచినట్టా? మన ఫొటోవాక్‌లు జూబ్లీహిల్స్ గేట్ల కంటే చార్మినార్ పరిసరాలను ఎంచుకోవడానికి వాస్తు సౌందర్యం ఒక్కటే కారణమని నమ్మడం కష్టం. అదే పాతబస్తీలో 2021 లాక్‌డౌన్ కాలంలో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని, ఆయన నిరాకరించినా ఫొటో తీశారు. ముఖగుర్తింపు సాంకేతికతపై ఆయన వేసిన వ్యాజ్యం తెలంగాణ హైకోర్టుకు చేరింది. పోలీసునూ కళాకారుణ్నీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. కాని కెమెరా ఎదుటి మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ప్రతిసారీ ముందే అడగాలనే నియమం పరిష్కారం కాదు. అడిగిన మరుక్షణం మనిషి సర్దుకుంటాడు, దృశ్యం పోతుంది. నిరసనలను, పోలీసు దౌర్జన్యాన్ని చిత్రించే అవకాశమూ పోతుంది. అధికారం చేస్తున్న పనిని తీయడానికి అధికారం అనుమతి అక్కరలేదు. నిద్రిస్తున్న కూలీ విషయం వేరు. తీసే క్షణంలో సాధ్యం కాని అనుమతిని ప్రచురణకు ముందైనా కోరవచ్చు. కోరే వీలు లేకపోతే ముఖం తెలియని చిత్రాన్ని ఎంచుకోవచ్చు.

దయానితా సింగ్ 1989లో ఢిల్లీలో పరిచయమైన మోనా అహ్మద్ అనే హిజ్రాను ఏళ్ల తరబడి చిత్రించారు. 2001లో వచ్చిన ఆ పుస్తకంలో చిత్రాలతోపాటు మోనా ప్రచురణకర్తకు పంపిన ఈమెయిళ్లున్నాయి. శీర్షికలోని ఉత్తమపురుష కూడా మోనాదే. ఇది వీథిలో క్షణకాలపు ఎదురుపాటు కాదు, పన్నెండేళ్ల స్నేహం. ప్రతి బాటసారితో అది సాధ్యం కాదు. అయినా ఆ పుస్తకంలోని చిత్రాలకు తెలుగులో వాడవలసిన క్రియ ‘దిగడం’.