పులికాట్ ఒడ్డున చూపు నేర్చినవాళ్లు

రెండు వేల పిట్టలు ఒక్కసారిగా లేచి గాల్లో మెలిక తిరుగుతుంటే, కంటి ముందు నుంచి బైనాక్యులర్ దించకుండానే "అందులో నాలుగు వేరే జాతివి" అని చెప్పేసే మనుషులు చలికాలంలో సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు మీద కనిపిస్తారు. నేను వాళ్ల అభిమానిని. పక్షుల్ని చూడటం కాలక్షేపం కాదు, విద్య. వీణకూ కుంచెకూ ఇచ్చే గౌరవం దానికీ దక్కాలి.

ఈ విద్య నెల్లూరికి కొత్తది కాదు. 1840లలో ఇక్కడ సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డన్ దొర, తరువాత రాసిన భారతదేశపు పక్షుల గ్రంథంలో (1862–64) తెలుగు పేర్లు కూడా చేర్చాడు. ఆ పేర్లు దొరకు చెప్పింది పిట్టలు పట్టే మనవాళ్లే కదా! ఆయన పేరుతో ప్రపంచానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. 1986 జనవరిలో కడప జిల్లా పొదల్లో దాన్ని మళ్లీ లోకానికి చూపించిన ఘనత పరిశోధకుడు భరత్ భూషణ్‌దెంతో, రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చిన స్థానిక వేటగాడు ఐతన్నదీ అంతే. నన్నడిగితే ఐతన్నదే ఒక పిసరు ఎక్కువ.

పనితనం వెలుగు దగ్గర మొదలవుతుంది. షార్ రోడ్డు, అంటే ఈ సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు, పడమటి నుంచి తూర్పుకు, పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. ధనుర్మాసపు తెల్లవారుజామున సూళ్లూరుపేట వైపు నిలబడి చూస్తే ఎండ కళ్లలో కొడుతుంది, పిట్టలన్నీ నల్లటి నీడలే. తెలిసినవాళ్లు చీకటితోనే దారిలోని అటకానితిప్ప దాటిపోయి, పొద్దును వీపున పెట్టుకుని పడమటికి చూస్తారు. సాయంత్రం తిరగబడి ఇటు చివర నిలబడతారు. సరస్సు లోతు తక్కువ కాబట్టి గాలి వాటానికి నీరు జరిగి, ఎక్కడ బురద తేలితే అక్కడికి పిట్టలు చేరతాయి. అందుకే అనుభవజ్ఞులు పిట్టల కోసం వెతకరు, బురద కోసం వెతుకుతారు.

కొత్తవాళ్ల కళ్లు రాజహంసల (ఫ్లెమింగోల) మీదే ఉంటాయి. తప్పు లేదు. తల కిందులుగా ముంచి, నాలుకతో నీటిని లోపలికీ బయటికీ తోడుతూ, ముక్కులోని జల్లెడలో సన్నటి రొయ్య పిల్లల్ని నిలుపుకునే ఆ నేర్పు చూసి తీరాల్సిందే. ఆ మేతలోంచే వాటికి గులాబీ రంగు వస్తుంది. కానీ అసలు పరీక్ష కాళ్ల దగ్గర తిరిగే బూడిదరంగు చిల్లర పిట్టలతోనే. అన్నీ ఒకటే రంగు, దాదాపు ఒకటే సైజు. రంగు నమ్మినవాడు మునుగుతాడు. నడక చూడాలి. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, ఒక్క పోటు పొడిచేది ప్లోవర్. తల ఎత్తకుండా కుట్టుమిషన్ సూదిలా పొడుచుకుంటూ పోయేది స్టింట్. పొడుగు ముక్కు తిన్నగా ఉంటే గాడ్విట్, కొడవలిలా కిందికి వంగితే కర్లూ. ఉత్తరాన మంచుదేశాల్లో పిల్లల్ని లేపి, వేల మైళ్లు ఎగిరి మన బురదకు వచ్చిన అతిథులివి. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పలకరించగలగడం మర్యాద కూడా.

లెక్క మరో కళ. పది పిట్టలు లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర పట్టాయో కంటికి అలవాటు చేసుకుని, దాంతో వంద, ఆ వందతో మొత్తం గుంపును కొలుస్తారు. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన ఇలాంటి కళ్ల మీదే నడుస్తోంది.

నేలపట్టు మాట చెప్పకుండా ఎలా? 1976లో అభయారణ్యమైన ఆ చెరువులో, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. ఈశాన్య రుతుపవనం చెరువు నింపితేనే గూడు. రెట్టలు కలిసిన ఆ నీరు పొలాలకు ఎరువని ఊరి రైతులంటారు. పక్షి పరిశోధకుడు కె.కె.నీలకంఠన్ 1946లో చూసి లోకానికి చాటిన, కొల్లేటి దగ్గర ఆరేడు అనే ఊళ్లోని పెద్ద గూడబాతుల స్థావరం తరువాత పూర్తిగా ఖాళీ అయిపోయింది. అంత పెద్దదే పోయింది! నేలపట్టును కాపాడుకోవడంలో ఏమరుపాటు ఎలా తగుతుంది? 2022లో జిల్లాల గీతలు మారి నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి. నాకు మాత్రం అవి నెల్లూరువే.

ఇక నా కడుపుమంట. ఈ విద్యకు ఇప్పుడో చవకబారు నకలు తయారైంది. మెడలో లక్షల కెమెరా, చేతిలో గులకరాయి! రాజహంసలు రెక్క విప్పితేనే ఎరుపు, నలుపు ఫొటోలో పడతాయని రాయి విసిరి గుంపును లేపుతారు. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టను పొద లోంచి లాగుతారు. కొందరు తలల మీదికి డ్రోన్లు ఎగరేస్తారు. తిని ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాల్సిన పిట్టను అనవసరంగా ఎగరగొడితే, వసంతంలో తిరుగు ప్రయాణానికి దాచుకున్న బలాన్ని దోచుకున్నట్టే. గూటి దగ్గర గూడబాతు లేచిపోతే పిల్లలకు ఎండా, కాకులూ. ఇది పక్షి వీక్షణం కాదు, తుపాకీ లేని వేట. ఆ ఫొటోలకే బహుమతులిస్తున్నారు!

సరస్సు పరిస్థితీ అంతంతమాత్రమే. సముద్రం నుంచి నీరొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. ఉప్పునీటి రాకపోకలు ఆగితే రొయ్యా ఉండదు, రాజహంసా ఉండదు, జాలరి వలలో చేపా ఉండదు.

2001లో మొదలైన ఫ్లెమింగో పండగ నిర్వాహకులకు నా విన్నపం ఇది. వేదికలు సూళ్లూరుపేటలో పెట్టుకోండి, మైకులు అక్కడే మోగించండి. నేలపట్టు గట్టు మీద మాత్రం నిశ్శబ్దం పాటించండి. డ్రోన్లు నిషేధించండి. రాయి విసిరినవాడికి జరిమానా వేయండి. తీరంలో పుట్టి పెరిగిన యానాది కుర్రాళ్లకు మంచి బైనాక్యులర్లిచ్చి, జీతమిచ్చి మార్గదర్శకులుగా నిలబెట్టండి. ఏ తిప్ప దగ్గర ఏ వేళకు బురద తేలుతుందో వాళ్లను మించి చెప్పేవాళ్లు లేరు. వచ్చే జనవరి గణన పట్టీల మీద వాళ్ల పేర్లు ఉండాలి.