తెలుపు ఎక్కువ కావాలట

మధ్యాహ్నం భోజనాల వేళ శిల్పారామంలో కలంకారీ కొట్ల ముందు మెడలో ఐడీ కార్డులతో ఆగేవాళ్లు కనిపిస్తారు. సైబర్ టవర్స్ అక్కడికి కూతవేటు దూరం. దుపట్టా వేళ్ల మధ్య నలిపి చూస్తారు, రంగు పోదు కదా అని అడుగుతారు, బేరమాడి కొంటారు. ఆ అద్దకానికి పుట్టిల్లు మచిలీపట్నం పక్కనున్న పెడన. మియాపూర్, కూకట్‌పల్లి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరకు చేరేది కూడా మచిలీపట్నానికే.

గోల్కొండ సుల్తానులకు అదే పెద్ద రేవు. 17వ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ బట్టల కోసం దిగారు.

కొనేవాడి ఇష్టం ఓడెక్కి వచ్చే కాలమది. డచ్చివాళ్లు 1635లో ఫార్మోసా (నేటి తైవాన్) నుంచి చీనా కుమ్మరులకు కర్రతో చేసిన గిన్నెలు, పళ్లేల నమూనాలు పంపి, పింగాణీలో అచ్చం అలాగే చేయమన్నారు. బట్టల సంగతీ అంతే. ఈస్టిండియా కంపెనీ పెద్దలు 1643లో సూరత్‌కు ఉత్తరం రాస్తూ, ముదురు ఎరుపు మీద పూలున్న దుప్పట్లు లండన్‌లో నచ్చడం లేదు, తెలుపు ఎక్కువ ఉండేలా చూడమన్నారు. తర్వాత మచిలీపట్నం ఉన్న కోరమండల్ తీరానికి నమూనా బొమ్మలే రావడం మొదలైంది.

తెలుపు ఎక్కువ కావాలి. ఉత్తరంలో ఒక్క మాట. క్లయింటు నుంచి ఒక్క లైను మెయిలొస్తే టీమంతా వారం కూర్చునే మాదాపూర్‌లో దీని బరువు ఎవరికైనా తెలుస్తుంది. ముందు బట్టను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టాలి, గీసిన గీత పాకకుండా. నల్లగీతకు తుప్పు ఇనుము, బెల్లం ఊరిన నీళ్లు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి చిరివేరుతో ఉడికించాలి. పటిక తగలని చోటా లేత మరక మిగులుతుంది. అది పోవాలంటే పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. ఇక నీలిమందు తొట్టిలో ముంచాలంటే, నీలం పట్టాల్సిన కాస్త జాగా వదిలి మిగతా గుడ్డంతా మైనం పూయాలి. తెల్లగా మిగలాల్సినదంతా ఆ మైనం కిందే దాక్కోవాలి.

అంత పని చేసినవాళ్లను నకలు తీసేవాళ్లనడం అన్యాయం. నాటి పలంగ్‌పోష్‌ల (మంచం దుప్పట్ల) మీద గుట్టపై నిలిచిన చెట్టును చూడండి. ఒకే కొమ్మకు రకరకాల పూలు. ఇంగ్లండు తోటలోనూ పూయవు, కృష్ణా ఒడ్డునా పూయవు. నమూనా ఎవరిదైనా, ఆ పూలను పూయించింది ఇక్కడి కలమే.

యూరప్ ఎంతగా మోజుపడిందంటే, సొంత నేతగాళ్ల గోల భరించలేక 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు ఈ అద్దకాల మీద నిషేధాలు తెచ్చాయి. ఇంగ్లండులో 1721లో బిగించిన చట్టం 1774 దాకా నడిచింది.

చీనా పళ్లేల మీద కొన్న కుటుంబాల చిహ్నాలు నేటికీ మెరుస్తున్నాయి. పలంగ్‌పోష్‌లు మ్యూజియాల్లో తీరం పేరుతో, శతాబ్దం అంకెతో ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు.

ఈసారి కొట్లో దుపట్టా విప్పినప్పుడు అంచు దగ్గర ఆగి చూడాలి. ఈ గుడ్డ మీది గీత కలానిది కాదు, అచ్చుది. ఒక అచ్చు ముగిసి రెండోది మొదలైన చోట నల్లగీత వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. పెడనలో ఎవరో టేకు అచ్చు ఎత్తి, మళ్లీ రంగులో ముంచి, కంటిచూపుతోనే కొలిచి పెట్టిన చోటు అది.