చెట్టు మీద గది

సినిమా మొదలవగానే తెరనిండా ఒక ముసలి ముఖం. బుగ్గల నిండా తెల్లపొడి, తలపై పెద్ద విగ్గు. చుట్టూ శిష్యులు వాయిస్తున్నారని చెవులకు తెలుస్తుంది గానీ మనిషి కనబడడు. కొన్ని నిమిషాల పాటు కెమెరా ఆ ముఖాన్ని వదలదు. ఆయన మరాఁ మరే. చెప్పులు కుట్టేవాళ్ల ఇంట్లో 1656లో పారిస్‌లో పుట్టి, పద్నాలుగో లూయీ రాజు కొలువులో వయోలా ద గాంబా విద్వాంసుడైనవాడు. ఇంత పేరు వచ్చాక, ఈ వయసులో, నేను వట్టి మోసగాణ్ని, సంగీతం తెలిసినవాడు మా గురువొక్కడే అని శిష్యుల ముందు ఏడుస్తాడు.

అలేన్ కోర్నో 1991లో తీసిన ‘తూ లే మతాఁ దు మోంద్’ అనే ఫ్రెంచి చిత్రం అది. పాస్కల్ కిన్యార్ నవల దానికి ఆధారం. ముసలి మరేగా జెరార్ దెపార్ద్యూ, కుర్ర మరేగా ఆయన కొడుకు గీయోమ్ వేశారు. వినిపించే గాంబా జోర్ది సవాల్‌ది. ఆ దేశంలో సెజార్ అవార్డులు ఏడు వచ్చాయి. ఇన్నేళ్లలో నేను దీన్ని నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ వీణ ముందు కూర్చునే మనిషిగానే చూశాను.

గాంబాకీ మన వీణలాగే మెట్లుంటాయి. మన మెట్లు మైనంలో దిగిన లోహపు కడ్డీలు. వాళ్లవి పేగు తీగ ముక్కలు, వాద్యం మెడ చుట్టూ చుట్టి ముడివేసినవి. వాద్యాన్ని పిక్కల మధ్య ఇరికించుకుని, అరచేయి పైకి ఉండేలా కమాను పట్టి, దాని వెంట్రుకలను వేలితో నొక్కుతూ స్వరానికి బిగువు తెస్తారు. ఆ వేలి ఒత్తిడిని పుస్తకంలో రాసి ఎవరికీ నేర్పలేం. పక్కన కూర్చుని చూడాల్సిందే, వినాల్సిందే.

మరే గురువు పేరు సాంత్ కొలోంబ్. గాంబాకు ఏడో తీగ చేర్చింది ఆయనేనని ఆ కాలం వాళ్లే రాసిపెట్టారు. తోటలో మల్బరీ చెట్టు కొమ్మల మీద చెక్క గది కట్టుకుని అందులో ఒంటరిగా వాయించుకునేవాడట. 1732లో తితోఁ ద్యు తియే రాసిన కథ ఇది: ఆరు నెలలు పాఠం చెప్పాక, ఈ కుర్రాడు నన్ను మించిపోతాడని గురువుకు తోచి, ఇక నేర్పడానికేమీ లేదని పంపేశాడు. మరే ఊరుకోక ఆ గది కింద నక్కి కూర్చుని, పైన గురువు చేసే సాధన విన్నాడు. కొన్నాళ్లకు గురువు అది కనిపెట్టి జాగ్రత్తపడ్డాడు.

సినిమా ఇక్కడే కథను తిప్పింది. అందులో గురువుకు అసూయ లేదు. శిష్యుడు రాజు ముందు వాయించి వచ్చాడని తెలిసి అతని గాంబాను బద్దలు కొడతాడు. వాద్యం మీద చెయ్యి వేసిన ఆ దృశ్యం నేను ఇప్పటికీ కళ్లు తెరిచి చూడలేను. అయినా సినిమా చెప్పిన కారణమే నాకు నిజమనిపిస్తుంది. గది కింద మరేకు దొరికింది పాఠం కాదు. పాఠంలో గురువు శిష్యుడి కోసం వాయిస్తాడు, అతని వేళ్లకు అందేంత మేరకే. సినిమాలో ఆయన ఒంటరిగా వాయించుకున్నది చచ్చిపోయిన భార్య కోసం. ఏళ్ల తర్వాత మరే రాత్రుళ్లు గుర్రమెక్కి వచ్చి చలిలో ఆ చెక్కల పక్కన నిలబడేది దానికోసమే.

నాకూ అలాంటిది ఒకసారి దొరికింది. మా వీణ మాస్టారు పాఠంలో ప్రతి స్వరాన్నీ విడదీసి, బొట్టు పెట్టినట్టు చూపించేవారు. తోడి వర్ణం చెప్పే రోజుల్లో, ఒక మార్గశిరంలో, ఆరింటి పాఠానికి ఐదున్నరకే వెళ్లాను. లోపల వీణ వినిపిస్తోంది. చెప్పులు చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. గాంధారం దగ్గర ఆగిపోయారు. మెట్టు మారకుండా తీగను పక్కకు లాగడం, వదలడం, మళ్లీ లాగడం. ఒక్కోసారి మీటు కూడా లేదు, మిగిలిన నాదంలోనే ఆ లాగుడు. నాకు చెప్పిన తోడికీ దీనికీ పోలికే లేదు. నా వేళ్ల మీద అప్పుడప్పుడే గాట్లు పడుతున్నాయి, వాటిని తడుముకుంటూ విన్నాను.

గుమ్మం నుంచి గెంటేసిన ఆ గురువు కోసమే మరే ఒక స్మృతిగీతం కట్టాడు. 1701లో అచ్చయిన ఆయన రెండో సంపుటంలో అది ఉంది. సవాల్ వాయించగా వింటే ఆ కమాను ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుస్తుంది. ఆ గది కింద ఏం విన్నాడో మరే మనకు చెప్పింది దాంట్లోనే అని నా నమ్మకం.

అరుగు మీద కూర్చున్న సంగతి మాస్టారు కనిపెట్టారు. తడి మట్టిలో నా అడుగులు చూసి ఉంటారు. ఏమీ అనలేదు. మర్నాడు వెళ్లేసరికి వీధి తలుపు ఒక రెక్క ఓరగా తీసి ఉంది. పాఠం మాత్రం ఎప్పటిలాగే ఆరింటికి మొదలుపెట్టేవారు. ఆ చలికాలమంతా నేను ఐదింటికే వెళ్లాను.